లూ బూడ్రో: ఆడుతూ జట్టును నడిపిన షార్ట్‌స్టాప్‌ను మేనేజర్‌గా ఎలా అంచనా వేయాలి?

అనంత మైదానం (అనంతపురం):

అందరికీ నమస్కారం. నేను అనంతపురం జిల్లాలోని ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో వ్యాయామ ఉపాధ్యాయుడిని. స్కూల్ గేమ్స్ కోసం బాలికల సాఫ్ట్‌బాల్ జట్టును తయారుచేసే బాధ్యత నాది కావడంతో, మన వైపు ఎక్కువమంది పట్టించుకోని బేస్‌బాల్ చరిత్రను కూడా కొన్నేళ్లుగా శ్రద్ధగా చదువుతున్నాను. ఈ మధ్య లూ బూడ్రో అనే అమెరికన్ ఆటగాడి జీవితం చదివినప్పటి నుంచి ఒక సందేహం నన్ను వదలడం లేదు.

ఆట తెలియనివారి కోసం రెండు మాటలు ముందుగా చెబుతాను. షార్ట్‌స్టాప్ అంటే రెండో బేస్‌కూ మూడో బేస్‌కూ మధ్య నిలబడే ఫీల్డర్. బ్యాటర్లలో కుడిచేతివాళ్లు ఎక్కువ కాబట్టి నేలమీద దూసుకొచ్చే బంతులు అతని వైపే ఎక్కువగా వస్తాయి. వాటిని ఆపి, బ్యాటర్ మొదటి బేస్ చేరేలోపు బంతిని అక్కడికి విసరాలి, రెండో బేస్ దగ్గర డబుల్ ప్లేలో (ఒకే బంతికి ఇద్దరిని ఔట్ చేయడంలో) చేయి కలపాలి, అవుట్‌ఫీల్డ్ నుంచి వచ్చే త్రోను అందుకుని ఏ బేస్‌కు పంపాలో ఆ క్షణంలోనే తేల్చుకోవాలి. ఇక మేనేజర్ అంటే ఆ రోజు ఎవరు ఆడాలి, ఏ వరుసలో బ్యాటింగ్ చేయాలి, పిచ్చర్‌ను, అంటే బంతి విసిరేవాణ్ని, ఎప్పుడు మార్చాలి అన్నవన్నీ నిర్ణయించే వ్యక్తి.

బూడ్రో ఈ రెండు పనులనూ కలిపి చేశాడు. 1917లో ఇల్లినాయ్ రాష్ట్రంలోని హార్వీలో పుట్టి, 1938లో క్లీవ్‌లండ్ జట్టులోకి వచ్చి, 1941 నవంబరులో, 24 ఏళ్లకే, ఆ జట్టుకు ఆటగాడు-మేనేజర్ అయ్యాడు. 1948లో అతని నాయకత్వంలో క్లీవ్‌లండ్ వరల్డ్ సిరీస్ (అమెరికన్ లీగ్, నేషనల్ లీగ్ విజేతల మధ్య జరిగే పోటీ) గెలిచింది; ఆ తర్వాత నేటివరకూ ఆ జట్టుకు మరో వరల్డ్ సిరీస్ దక్కలేదు. అయితే అతని మేనేజర్ జీవితం మొత్తం కలిపి చూస్తే 1,162 విజయాలు, 1,224 ఓటములు. గెలిచిన ఆటలకన్నా ఓడినవే ఎక్కువ. అలాంటి వ్యక్తిని గొప్ప మేనేజర్ అనవచ్చా? లేక గొప్ప షార్ట్‌స్టాప్‌కు మేనేజర్ పదవి ఒక అలంకారంగా దొరికిందని అనుకోవాలా?

ఇది ఊరికే అడిగిన ప్రశ్న కాదు. మా జట్టులో వేగంగా పరుగెత్తే అమ్మాయి ఒకరు, ఆట బాగా చదవగల అమ్మాయి ఒకరు ఉన్నారు. రెండో అమ్మాయిని షార్ట్‌స్టాప్‌లో నిలబెట్టి కెప్టెన్‌ను కూడా చేయాలని నా ఆలోచన. అక్కడ వేగమే ముఖ్యమని, రెండు బరువులు ఒకరి మీదే పెట్టడం తగదని తోటి ఉపాధ్యాయులు అంటున్నారు. తెలిసినవారు వివరంగా చెప్పగలరని కోరుతున్నాను.

బురుజు పాఠకుడు (కర్నూలు):

సార్, నమస్కారం. కర్నూలులో కూర్చుని బేస్‌బాల్ గురించి ఇంత వివరంగా రాసే అవకాశం నాకు తరచుగా రాదు. అందుకే కొంచెం ఎక్కువే రాస్తాను, ఓపిక పట్టండి.

నా అభిప్రాయం మొదటే చెప్పేస్తాను. బూడ్రో విషయంలో ఆటగాడినీ మేనేజర్‌నూ విడదీయడం సాధ్యం కాదు. అతను షార్ట్‌స్టాప్‌లో నిలబడి ఉన్నంతకాలం మంచి మేనేజర్, ఒక సంవత్సరంలోనైతే అద్భుతమైన మేనేజర్. మైదానం దాటి బెంచీ మీద కూర్చున్న తర్వాత సామాన్యమైన మేనేజర్. మీరు ఇచ్చిన లెక్కనే విడగొట్టి చూడండి: క్లీవ్‌లండ్‌లో 728 విజయాలు, 649 ఓటములు, ఆ తర్వాత బోస్టన్, కాన్సస్ సిటీ, షికాగో జట్లతో కలిపి 434 విజయాలు, 575 ఓటములు. క్లీవ్‌లండ్‌ను వదిలాక 1951లో బోస్టన్‌కు ఆటగాడిగా వెళ్లి, 1952లో అక్కడ మేనేజర్ అయ్యాడు. ఆ ఏడాది తాను నామమాత్రంగా ఆడి, ఆటకు సెలవు చెప్పేశాడు. అక్కడి నుంచి అతని లెక్క మారిపోయింది.

ఇలా ఎందుకు జరిగిందో అర్థం కావాలంటే అతని చీలమండల నుంచి మొదలుపెట్టాలి. కళాశాల రోజుల్లో బూడ్రో బాస్కెట్‌బాల్‌లోనూ పేరున్న ఆటగాడు. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయ జట్టుకు కెప్టెన్‌గా కూడా ఉన్నాడు. అతని చీలమండలు ఎంతగా దెబ్బతిని కీళ్లవాతానికి లోనయ్యాయంటే, రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యం అతన్ని తీసుకోలేదు. పట్టీలు చుట్టుకుని ఆడేవాడు. పరుగులో వేగం లేదు, విసురులో చెప్పుకోదగ్గ బలం లేదు. అయినా అమెరికన్ లీగ్ షార్ట్‌స్టాప్‌లలో ఫీల్డింగ్ సగటులో, అంటే తప్పు లేకుండా బంతిని ఆడిన శాతంలో, ఎనిమిదిసార్లు మొదటి స్థానంలో నిలిచాడు. కాళ్లు చేయలేని పనిని బంతి రాకముందే నిలబడే చోటుతో చేశాడు. బ్యాటర్ వెనక కూర్చునే క్యాచర్ పిచ్చర్‌కు ఇచ్చే సైగ షార్ట్‌స్టాప్‌కు కనిపిస్తుంది. వచ్చేది వేగపు బంతా, వంపు తిరిగే బంతా అన్నది అతనికి ముందే తెలుస్తుంది. ఆ బ్యాటర్ అలాంటి బంతిని ఎటు కొడతాడో గుర్తుంటే, రెండడుగులు ముందుగానే అటు జరిగి ఉండవచ్చు. ఆ రెండడుగులే బూడ్రో వేగం. ప్రతి పిచ్‌కూ, ప్రతి బ్యాటర్‌కూ, ఏడాదికి 154 ఆటల్లో ఇలా ఆలోచించే మనిషి, పేరు ఉన్నా లేకున్నా సగం మేనేజరే కదా.

1941 జులై 17న జరిగింది ఒక్కసారి గుర్తు చేసుకుందాం. ఆ రోజు బూడ్రోకు 24 ఏళ్లు నిండాయి. అప్పటికి న్యూయార్క్ యాంకీస్ బ్యాటర్ జో డిమాజియో వరుసగా 56 ఆటల్లో హిట్ (బంతిని కొట్టి క్షేమంగా బేస్ చేరడం) కొట్టి ఉన్నాడు. క్లీవ్‌లండ్‌లో అరవై ఏడు వేలమందికి పైగా చూస్తుండగా మూడో బేస్ దగ్గర కెన్ కెల్ట్‌నర్ రెండు గట్టి బంతులను ఆపి డిమాజియోను ఔట్ చేశాడు. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో బేసులన్నీ నిండి, ఒక ఔట్ ఉండగా, డిమాజియో కొట్టిన బంతి నేరుగా షార్ట్‌స్టాప్ వైపు వచ్చి, చివరి క్షణంలో అనుకోని ఎత్తుకు లేచింది. బూడ్రో దాన్ని వదలకుండా పట్టి రెండో బేస్‌కు అందించి డబుల్ ప్లే మొదలుపెట్టాడు. ఆ పరంపర అక్కడితో ఆగిపోయింది. అందరూ కెల్ట్‌నర్ ఆపిన బంతుల గురించే మాట్లాడతారు, అది న్యాయమే. కానీ ఆ ఎగిరిన బంతిని పట్టడం కూడా చిన్న విషయం కాదని నా నమ్మకం.

మేనేజర్ పదవి అతనికి ఎవరో తెచ్చి అంటగట్టింది కాదు. అప్పటి మేనేజర్ రోజర్ పెకిన్‌పా, ఆయన కూడా పూర్వం షార్ట్‌స్టాపే, జనరల్ మేనేజర్‌గా మారినప్పుడు, ఆ ఖాళీకి తానే అర్హుడినని బూడ్రో యజమాని ఆల్వా బ్రాడ్లీకి ఉత్తరం రాశాడు. పాలకమండలిలో చాలామందికి నమ్మకం కుదరలేదు. చివరకు అనుభవం ఉన్న కోచ్‌లను అతనికి తోడుగా ఇచ్చి పదవి అప్పగించారు. తనకన్నా పెద్దవాళ్లైన ఆటగాళ్లకు 24 ఏళ్ల కుర్రవాడు ఆజ్ఞలివ్వాలి. మొదటి ఆరేళ్లలో జట్టు ఒక్కసారీ మూడో స్థానాన్ని దాటి పైకి రాలేదు, ఒక ఏడాది ఆరో స్థానానికి దిగింది. 1944లో అతను 0.327 సగటుతో (అంటే వెయ్యి అవకాశాలకు 327 హిట్ల లెక్కన) లీగ్ బ్యాటింగ్ కిరీటం గెలిచినా జట్టు స్థితి మారలేదు. ఈ ఆరేళ్లను దాచిపెట్టి 1948 ఒక్కటే చెబితే అది సగం కథే అవుతుంది.

అయితే ఆ ఆరేళ్లలోనే అతని బుద్ధి బలం ఎలాంటిదో చూపే రోజు ఒకటి ఉంది. 1946 జులై 14న బోస్టన్‌లో రెండు ఆటలు వరుసగా జరిగాయి. మొదటి ఆటలో బూడ్రో నాలుగు డబుల్స్ (రెండో బేస్ దాకా చేర్చే హిట్లు), ఒక హోమ్‌రన్ (నాలుగు బేసులూ చుట్టి వచ్చే హిట్) కొట్టినా జట్టు 11-10తో ఓడింది, ఎందుకంటే టెడ్ విలియమ్స్ మూడు హోమ్‌రన్‌లు కొట్టి ఎనిమిది పరుగులు తెచ్చిపెట్టాడు. విలియమ్స్ ఎడమచేతి బ్యాటర్, బంతిని కుడి పక్కకే లాగి కొట్టేవాడు. రెండో ఆటలో అతను బ్యాటింగ్‌కు వచ్చేసరికి బూడ్రో దాదాపు మొత్తం ఫీల్డింగ్‌ను కుడి పక్కకు జరిపేశాడు. ఎడమ పక్కన లెఫ్ట్ ఫీల్డర్ ఒక్కడే, అతను కూడా బాగా ముందుకు వచ్చి నిలబడ్డాడు. అలాంటి అమరిక అంతకుముందు అసలే లేదని కాదు, కానీ ఈ రోజుతోనే అది లోకానికి తెలిసింది. ఆ ఆలోచన ఎంత దూరం వెళ్లిందంటే, దశాబ్దాల తర్వాత జట్లన్నీ దాన్ని విచ్చలవిడిగా వాడడం వల్ల 2023 నుంచి రెండో బేస్‌కు చెరో పక్కన ఇద్దరేసి ఇన్‌ఫీల్డర్లు ఉండాలని మేజర్ లీగ్ నియమం పెట్టింది. మొదటి ఆటలో ఐదుసార్లు బంతిని గట్టిగా బాది కూడా ఓడిన మనిషి, కొద్దిసేపటి విరామంలో ఇంత ధైర్యమైన నిర్ణయానికి రావడం నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది.

ఇక 1948. దానికి ముందు ఏడాది చివరలో కొత్త యజమాని బిల్ వీక్ అతన్ని సెయింట్ లూయిస్ బ్రౌన్స్‌కు ఇచ్చేయాలని చూశాడు. క్లీవ్‌లండ్ ప్రజలు ఎంత గట్టిగా ఎదురు తిరిగారంటే, వీక్ వెనక్కి తగ్గి బూడ్రోతో కొత్త ఒప్పందం చేసుకోవలసి వచ్చింది. మరుసటి ఏడాది బూడ్రో 0.355 సగటుతో 106 పరుగులు తెచ్చిపెట్టాడు. ఆ ఏడాది మొత్తంలో అతను మూడు స్ట్రైక్‌లు పడి స్ట్రైక్ ఔట్ అయింది తొమ్మిదిసార్లు మాత్రమే. లీగ్‌లో అత్యుత్తమ ఆటగాడి పురస్కారం అతనికే వచ్చింది. ఆగస్టు 8న యాంకీస్‌తో ఆడుతున్నప్పుడు అతను గాయాలతో బెంచీ మీద ఉన్నాడు. బేసులన్నీ నిండి, జట్టు రెండు పరుగులు వెనకబడి ఉండగా, మేనేజర్ బూడ్రో ఆటగాడు బూడ్రోను బ్యాటింగ్‌కు పంపాడు. డెబ్బై వేలమంది ముందు కుంటుతూ వచ్చి, రెండు పరుగులు తెచ్చే హిట్ కొట్టి స్కోరు సమం చేశాడు. ఆ రోజు రెండు ఆటలూ క్లీవ్‌లండే గెలిచింది.

సీజన్ చివరి రోజున డిట్రాయిట్ చేతిలో ఓడడంతో క్లీవ్‌లండ్, బోస్టన్ రెండూ 96 విజయాలతో సమానమయ్యాయి. అక్టోబరు 4న బోస్టన్‌లో ఒకే ఒక్క ఆటతో తేలాలి. బూడ్రో ఎంచుకున్న పిచ్చర్ జీన్ బేర్డన్. కొత్తవాడు, ఎడమచేతివాడు, పైగా ఒక్క రోజు విశ్రాంతి మాత్రమే దొరికినవాడు. బోస్టన్ మైదానంలో ఎడమ పక్క గోడ దగ్గరగా ఉంటుంది, కుడిచేతి బ్యాటర్లకు అది అనుకూలం కాబట్టి ఎడమచేతి పిచ్చర్‌ను అక్కడ పెట్టడానికి ఎవరైనా జంకుతారు. ఆటగాళ్లతో చర్చించి, వాళ్లు ఒప్పుకున్న తర్వాత, ఆ పేరు బయటకు పొక్కకుండా చూసుకున్నాడు. కుడిచేతి బ్యాటర్ ఒకరు అదనంగా ఉండాలని, అవుట్‌ఫీల్డర్ అయిన ఆలీ క్లార్క్‌ను మొదటి బేస్‌లో నిలబెట్టాడు. ఆ తర్వాత తానే నాలుగుసార్లు బ్యాటింగ్‌లో నాలుగు హిట్లు కొట్టాడు. అందులో రెండు హోమ్‌రన్‌లు. క్లీవ్‌లండ్ 8-3తో గెలిచింది. ఆపై వరల్డ్ సిరీస్‌లో ఆ ఊరికే చెందిన నేషనల్ లీగ్ జట్టు బోస్టన్ బ్రేవ్స్‌ను 4-2తో ఓడించింది.

సార్, మీ ప్రశ్నకు నా జవాబు దీనిలోనే ఉంది. సాఫ్ట్‌బాల్‌లో బేసుల మధ్య దూరం 60 అడుగులే, బేస్‌బాల్‌లో 90. అంటే మీ షార్ట్‌స్టాప్‌కు సమయం ఇంకా తక్కువ, బంతి వచ్చాక పరుగెత్తి పట్టే అవకాశం ఇంకా తక్కువ. ఆట చదవగల అమ్మాయినే అక్కడ నిలబెట్టండి. వేగంగా పరుగెత్తే అమ్మాయికి సెంటర్ ఫీల్డ్ అప్పగించండి, ఆమె కాళ్లకు అక్కడ పని దొరుకుతుంది.

పెన్నా తీరం (కడప):

అన్నగారూ, మీరు రాసినది ఆసక్తిగా చదివాను. 1948 గురించి మీతో నాకు పేచీ లేదు. కానీ ఆట మానేసిన తర్వాత అతను సామాన్యమైన మేనేజర్ అయ్యాడన్న మాటను మాత్రం ఒప్పుకోలేను. ఆ అంకెల వెనుక ఏ జట్లున్నాయో చూడకుండా అలా అనడం బూడ్రోకు అన్యాయం.

అతను బోస్టన్‌కు మేనేజర్ అయిన 1952 నాటికి అక్కడి పాత బలం చెదిరిపోతోంది. బాబీ డోర్ అంతకు ముందే ఆట మానేశాడు. టెడ్ విలియమ్స్‌ను కొరియా యుద్ధానికి పిలిచారు. 1952లో అతను ఆడింది కొన్ని ఆటలే, 1953లో కూడా ఆగస్టు దాకా లేడు. అలాంటి జట్టుతో 1953లో 84 విజయాలు సాధించి నాలుగో స్థానంలో నిలిచాడు. మూడేళ్లు కలిపితే బోస్టన్‌లో 229 విజయాలు, 232 ఓటములు. దీన్ని వైఫల్యం అనలేం.

కాన్సస్ సిటీ సంగతి మరీ వేరు. ఫిలడెల్ఫియాలో 1954లో 103 ఆటలు ఓడి అట్టడుగున ఉన్న జట్టును కొత్త యజమాని కొని ఆ ఊరికి తరలించాడు. 1955లో బూడ్రో ఆ జట్టును 63 విజయాలతో ఆరో స్థానానికి తెచ్చాడు, అంటే ముందటి ఏడాదికన్నా పన్నెండు విజయాలు ఎక్కువ. ఆ తర్వాతి సంవత్సరాల్లో అక్కడి మంచి ఆటగాళ్లు ఒకరి తర్వాత ఒకరు న్యూయార్క్ యాంకీస్‌కు వెళ్లిపోయారు. 1957 ఆగస్టులో బూడ్రోను తొలగించారు. మొత్తం అక్కడ 151 విజయాలు, 260 ఓటములు. ఆ ఒక్క జట్టును పక్కన పెట్టి లెక్కిస్తే మిగతా జీవితమంతటా అతనికి 1,011 విజయాలు, 964 ఓటములు వస్తాయి. వేరుశనగ పంట ఎండిపోయిన ఏడాది దిగుబడి చూసి రైతు సామర్థ్యాన్ని తేల్చడం మన సీమలో ఎవరూ చేయరు, అలాగే ఇక్కడా చేయకూడదు.

ఇంకొక విషయం మీరు రాయలేదు, నా దృష్టిలో అది హోమ్‌రన్‌లకన్నా పెద్దది. 1947 జులై 5న లారీ డోబీ క్లీవ్‌లండ్ జట్టులో చేరాడు. అమెరికన్ లీగ్‌లో ఆడిన మొదటి నల్లజాతి ఆటగాడు అతనే. నేషనల్ లీగ్‌లో జాకీ రాబిన్సన్ ఆడడం మొదలై అప్పటికి మూడు నెలలు కూడా కాలేదు. షికాగోలో డ్రెస్సింగ్ రూములో మేనేజర్ బూడ్రో డోబీని వెంటబెట్టుకుని ఒక్కొక్క ఆటగాడి దగ్గరికి తీసుకెళ్లి పరిచయం చేశాడు. కొందరు చేయి కలపడానికి కూడా నిరాకరించారు. అయినా ఆగలేదు. మరుసటి ఏడాది డోబీ సెంటర్ ఫీల్డ్‌లో కుదురుకుని, వరల్డ్ సిరీస్ నాలుగో ఆటలో గెలుపు తెచ్చిన హోమ్‌రన్ కొట్టాడు. 1948 జులైలో, 42వ పుట్టినరోజున జట్టులో చేరిన శాచెల్ పేజ్ విషయంలో కూడా అంతే. ఆ వయసులో పిచ్చరేమిటని చాలామంది నవ్వినా, బూడ్రో స్వయంగా బ్యాట్ పట్టుకుని పేజ్ బంతులను ఎదుర్కొని చూశాకే సరే అన్నాడు. పేజ్ ఆ ఏడాది ఆరు ఆటలు గెలిచి, ఒక్కటే ఓడాడు. మూడో బేస్‌లోనూ అవుట్‌ఫీల్డ్‌లోనూ తిరుగుతున్న బాబ్ లెమన్‌ను పిచ్చర్‌గా మార్చింది కూడా బూడ్రో హయాంలోనే. లెమన్ ఆ తర్వాత ఏడు సీజన్లలో ఇరవై, అంతకుమించి ఆటలు గెలిచాడు. మనుషుల్లో ఏముందో గుర్తించడం షార్ట్‌స్టాప్‌లో నిలబడినందువల్ల వచ్చే గుణం కాదు. అది మేనేజర్ గుణమే.

సార్, మీ కెప్టెన్ విషయంలో నేను మీ తోటి ఉపాధ్యాయుల వైపే కొంత మొగ్గుతాను. ఆ అమ్మాయిని షార్ట్‌స్టాప్‌లో నిలబెట్టండి, అందులో సందేహం లేదు. కెప్టెన్ పదవి మాత్రం ఒక ఏడాది ఆగి ఇవ్వడం మంచిదేమో ఆలోచించండి. 24 ఏళ్ల బూడ్రోకే ఆరేళ్లు పట్టింది.

శ్రోత (ప్రొద్దుటూరు):

ఈ చర్చలోకి జో క్రోనిన్‌ను కూడా తీసుకురావాలి. బూడ్రో కన్నా ముందే ఆ దారిన నడిచినవాడు క్రోనిన్. వాషింగ్టన్ జట్టు షార్ట్‌స్టాప్‌గా ఉంటూ 1933లో 26 ఏళ్లకే మేనేజర్ అయి, మొదటి ఏడాదే 99 విజయాలతో లీగ్ గెలిచాడు. వరల్డ్ సిరీస్‌లో మాత్రం న్యూయార్క్ జెయింట్స్ చేతిలో ఓడాడు. 1934లో ఆ జట్టు యజమాని క్లార్క్ గ్రిఫిత్, ఇంటి అల్లుడని కూడా చూడకుండా, అతన్ని 2,25,000 డాలర్లకు, మరో ఆటగాడికి బదులుగా బోస్టన్‌కు ఇచ్చేశాడు. క్రోనిన్ అక్కడ 1935 నుంచి 1947 దాకా మేనేజర్‌గా ఉన్నాడు. ఆట మానేసిన తర్వాత, 1946లో, బెంచీ మీద కూర్చునే మరోసారి లీగ్ గెలిచాడు. కాబట్టి షార్ట్‌స్టాప్ బుద్ధి మైదానంలో ఉన్నప్పుడే పనిచేస్తుందన్న కర్నూలు అన్నగారి మాట బూడ్రోకు సరిపోవచ్చు కానీ అందరికీ వర్తించదు.

ఇంకో సంగతి చెప్పాలి. 1946 సెప్టెంబరు 13న బోస్టన్‌కు ఆ లీగ్ కిరీటం ఖాయమైంది క్లీవ్‌లండ్‌లోనే. బూడ్రో తన అమరికను మళ్లీ పెట్టాడు. విలియమ్స్ ఈసారి ఖాళీగా వదిలిన ఎడమ పక్కకు బంతిని కొట్టి, అది దొర్లుతూ పోగా నాలుగు బేసులూ పరుగెత్తి చుట్టివచ్చాడు. తన జీవితమంతటిలో అతను అలా బంతి మైదానం దాటకుండా కొట్టిన హోమ్‌రన్ అదొక్కటే. ఆట 1-0తో ముగిసింది. ఒక పక్కన క్రోనిన్, మరో పక్కన బూడ్రో, ఇద్దరూ షార్ట్‌స్టాప్‌లే.

తర్వాతి కాలంలో డిట్రాయిట్‌కు చెందిన అలన్ ట్రామెల్‌ను చూస్తే వేరే చిత్రం కనిపిస్తుంది. 1984 వరల్డ్ సిరీస్‌లో ఉత్తమ ఆటగాడిగా నిలిచినవాడు, తన జట్టుకే మేనేజరై 2003లో 119 ఆటలు ఓడాడు. షికాగో వైట్ సాక్స్ షార్ట్‌స్టాప్‌గా చాలాకాలం ఆడిన ఆజీ గియన్ మాత్రం అదే జట్టుకు మేనేజరై, 2005లో 1917 తర్వాత మొదటి వరల్డ్ సిరీస్ తెచ్చాడు. ఇద్దరి మధ్య తేడా బుద్ధిలో ఉందని నేననుకోను. చేతికి వచ్చిన జట్టులో ఉంది. ఈ విషయంలో కడప మిత్రులతో ఏకీభవిస్తున్నాను.

బూడ్రో చివరి మేనేజర్ ఉద్యోగం 1960లో షికాగో కబ్స్‌తో. అప్పటికి అతను రేడియోలో ఆ జట్టు ఆటలు వ్యాఖ్యానిస్తున్నాడు. మేనేజర్ చార్లీ గ్రిమ్‌ను రేడియోకు పంపి, రేడియోలో ఉన్న బూడ్రోను మేనేజర్‌ను చేశారు. ఆ ఏడాది 54 గెలిచి 83 ఓడి తిరిగి మైకు దగ్గరికే వెళ్లి, ఎన్నో ఏళ్లు అక్కడే ఉన్నాడు. 1970లో హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరాడు, 2001 ఆగస్టులో మరణించాడు. ఆకాశవాణి కడప కేంద్రం వింటూ పెరిగిన నాలాంటివాడికి, ఆటను చదవగలిగిన మనిషి దాన్ని మాటల్లో చెప్పడంలో అన్నేళ్లు గడపడం ఎంతో సహజంగా తోస్తుంది.

అనంత మైదానం (అనంతపురం):

ముగ్గురికీ మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు. డోబీ గురించి కడప మిత్రులు రాసినది మా పిల్లలకు తప్పకుండా చెబుతాను. షార్ట్‌స్టాప్ విషయం తేలిపోయింది. కెప్టెన్ విషయం ఆ అమ్మాయితోనే మాట్లాడి నిర్ణయిస్తాను.

ఇంకొక్కటి అడగాలి. 1948 వరల్డ్ సిరీస్ మొదటి ఆటలో బూడ్రో, పిచ్చర్ బాబ్ ఫెల్లర్ కలిసి రెండో బేస్ దగ్గర రన్నర్‌ను ఔట్ చేయడానికి ఒక ఎత్తుగడ వేశారని చదివాను. అది ఎలా పనిచేస్తుంది? మా జట్టుకు నేర్పవచ్చా?

బురుజు పాఠకుడు (కర్నూలు):

సార్, ముందుగా కడప మిత్రులకు ఒక మాట. కాన్సస్ సిటీ లెక్క న్యాయమైనది, డోబీ విషయం నేను వదిలేయకుండా రాయవలసింది. అయినా బోస్టన్‌లో సగానికి సగం, క్లీవ్‌లండ్‌లో అంతకన్నా మెరుగు అన్న తేడా మిగిలే ఉంది; దానికి కారణం బోస్టన్ జట్టులో బూడ్రో అనే షార్ట్‌స్టాప్ లేకపోవడమేనని ఇప్పటికీ నమ్ముతున్నాను.

మీరు అడిగిన ఎత్తుగడ బూడ్రో, ఫెల్లర్ ఎంతో కాలంగా సాధన చేసినది. రెండో బేస్ మీది రన్నర్ బేస్ వదిలి మూడో బేస్ వైపు నాలుగడుగులు వేసి నిలబడతాడు. పిచ్చర్, షార్ట్‌స్టాప్ రహస్య సైగతో లోపల అంకెలు లెక్కపెట్టడం మొదలుపెడతారు. ఒక అంకె దగ్గర షార్ట్‌స్టాప్ రన్నర్ వెనకగా బేస్ మీదికి దూకుతాడు. అదే లెక్క ప్రకారం పిచ్చర్ గిరుక్కున తిరిగి చూడకుండానే బేస్ మీదికి విసురుతాడు. బంతి, గ్లవ్ ఒకే క్షణంలో అక్కడికి చేరాలి. ఆ రోజు ఎనిమిదో ఇన్నింగ్స్‌లో బ్రేవ్స్ రన్నర్ ఫిల్ మాసీని సరిగ్గా ఇలాగే పట్టారు. అంపైర్ బిల్ స్టివార్ట్ మాత్రం సేఫ్ అన్నాడు. మాసీ ఔటేనని ఫోటోలు చూసినవాళ్లు ఎంతోమంది అన్నారు. కాసేపటికి టామీ హోమ్స్ కొట్టిన హిట్‌తో మాసీ పరుగు పూర్తిచేశాడు. ఫెల్లర్ ఆ ఆటలో ఇచ్చింది రెండే హిట్లు, అయినా 1-0తో ఓడాడు.

మీ సాఫ్ట్‌బాల్‌లో దీన్ని యథాతథంగా వాడలేరు. పిచ్చర్ చేతి నుంచి బంతి వెళ్లేదాకా రన్నర్ బేస్ వదలకూడదన్న నియమం ఉంది కాబట్టి పిచ్చర్ వెనక్కి విసిరే పని రాదు. క్యాచర్‌తో మాత్రం చేయవచ్చు. బంతి వెళ్లగానే రన్నర్ కొన్ని అడుగులు ముందుకు దూకుతుంది. బ్యాటర్ కొట్టకుండా వదిలేస్తే ఆమె వెనక్కి రావాలి. ఆ వెనక్కి వచ్చే క్షణంలో షార్ట్‌స్టాప్ అప్పటికే బేస్ మీద ఉండాలి, క్యాచర్ బంతి అందుకున్న వెంటనే విసరాలి. సైగ షార్ట్‌స్టాప్ ఇస్తే మంచిది, ఎందుకంటే రన్నర్ ఎంత దూరం వస్తోందో, ఎప్పుడు ఏమరుపాటుగా ఉందో ఆమెకే బాగా కనిపిస్తుంది. ముందు రన్నర్ లేకుండా, క్యాచర్, షార్ట్‌స్టాప్ ఇద్దరితోనే లెక్క కుదిరేదాకా చేయించండి. సెంటర్ ఫీల్డర్‌ను మాత్రం రెండో బేస్ వెనక దాకా ముందుకు రమ్మనండి. విసురు తప్పిపోతే బంతిని ఆపేది ఆమే.